చింతాకు నిద్ర నుంచి మెదడు గడియారం వరకు

సాల్మియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కాలం రెండు విధాలుగా నడుస్తుంది. గోడ మీది గడియారం కువైట్ సమయాన్ని చూపుతుంది. మనసులోని గడియారం దానికి రెండున్నర గంటలు కలిపి ఊరి సమయాన్ని చూపుతుంది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ అర్ధరాత్రి. పెద్దవాళ్ళు పడుకొని ఉంటారు గనుక ఫోను మరునాటికి వాయిదా పడుతుంది. వ్రతానికి తిథి చూసుకొనేటప్పుడు ఊరి పంచాంగంలోని సమయం నుంచి రెండున్నర గంటలు తీసివేస్తాము. సూర్యోదయం మాత్రం ఇక్కడిదే లెక్కలోకి తెచ్చుకుంటాము.

ఈ రెండింటితో పాటు మనకు మూడవ గడియారం ఒకటి ఉన్నది. అది శరీరంలోనే ఉన్నది. ఏ దేశపు సమయమూ దానికి తెలియదు. వెలుగు, చీకటి తెలుసు. ఎప్పుడు ఆకలి వేయాలో, ఎప్పుడు నిద్ర ముంచుకురావాలో, తెల్లవారే ముందు ఒంటి వేడి ఎంత తగ్గాలో అదే నిర్ణయిస్తుంది. శాస్త్రజ్ఞులు దానిని జీవగడియారం అంటారు. దాని చరిత్రలో మొదటి పుట మనము నివసించే ఈ గల్ఫ్ తీరానే వ్రాయబడింది. తరువాతి పుటలలో కొన్ని తిరుపతిలోను, హైదరాబాదులోను వ్రాయబడ్డాయి. వయసు మీద పడి ఆ గడియారం సడలిపోతే దానిని సరిదిద్దగలమా అనే ప్రశ్న చుట్టూ హైదరాబాదులో ఒక శాస్త్రవేత్త తన పరిశోధన జీవితాన్ని నిర్మించుకున్నారు. ఆ ప్రశ్న మన ఇళ్ళలోని పెద్దలందరికీ సంబంధించినది. అందుకే ఈ కథను మొదటి నుంచి చెప్పదలచుకున్నాము.

టైలోస్ ద్వీపంలో ఒక చెట్టు

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అలెగ్జాండరు భారతదేశపు దండయాత్ర ముగించుకొని బాబిలోనుకు తిరిగి వచ్చాడు. అరేబియా తీరాన్ని పరిశీలించి రమ్మని ఆయన నావికులను పంపాడు. వారిలో ఒకడు థాసోస్ ద్వీపానికి చెందిన ఆండ్రోస్థెనీస్. మన సాల్మియా తీరానికి ఎదురుగా, సుమారు 20 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్న ఫైలకా ద్వీపాన్ని గ్రీకులు ఇకారోస్ అని పిలవడం మొదలుపెట్టినది ఆ కాలంలోనే. ఫైలకా తవ్వకాలలో గ్రీకుల కోట, ఆలయాల అవశేషాలు బయల్పడ్డాయి. ఆండ్రోస్థెనీస్ ఇంకా దక్షిణానికి సాగి టైలోస్ అనే ద్వీపాన్ని చేరాడు. నేటి బహ్రెయిన్ అదే.

అక్కడ ఆయన ఒక చెట్టును శ్రద్ధగా గమనించాడు. దాని చిన్న చిన్న ఆకులు సూర్యోదయంతో విచ్చుకొని, మధ్యాహ్నానికి పూర్తిగా తెరుచుకొని, సాయంకాలం మెల్లగా ముడుచుకొని, రాత్రంతా మూసుకొనే ఉన్నాయి. చెట్టు నిద్రపోతున్నదని అక్కడివారు చెప్పుకొనేవారట. ఆండ్రోస్థెనీస్ వ్రాసిన గ్రంథం నేడు దొరకదు. అయితే వృక్షశాస్త్రానికి ఆద్యుడుగా పేరుపొందిన థియోఫ్రాస్టస్ ఆ వర్ణనను తన గ్రంథంలో పొందుపరిచాడు. ఆ వర్ణన చింతచెట్టుకు సరిపోతుందని తరువాతి పండితులు గుర్తించారు. జీవులలో ఒక దినలయను గమనించి వ్రాసిపెట్టిన వాటిలో మనకు దక్కిన అతి ప్రాచీనమైన నమోదుగా చరిత్రకారులు దీనినే పేర్కొంటారు.

తెలుగువారికి ఈ దృశ్యం కొత్తది కాదు. చింతాకు ముడుచుకొనే వేళ అంటే సంధ్యవేళ అని మన పల్లెలలో ఎవరికైనా అర్థమవుతుంది. కాని, ఆకు ఎందుకు ముడుచుకుంటున్నదన్న ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదు. వెలుగు తగ్గింది గనుక ముడుచుకుంటున్నదా? లేక వెలుగుతో పని లేకుండా ఆకులోనే ఏదో కాలాన్ని లెక్కపెట్టుకుంటున్నదా?

చీకటిలో పరీక్ష

ఈ ప్రశ్నకు పరీక్ష పెట్టడానికి సుమారు రెండు వేల సంవత్సరాలు పట్టింది. 1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు జ్యాఁ జాక్ దోర్తూ ద మైరాన్ ఒక అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచాడు. సూర్యుడు కనబడకపోయినా ఆ మొక్క పగటివేళ ఆకులు విప్పుతూ, రాత్రివేళ ముడుస్తూనే ఉన్నది. ఆ తరువాత సుమారు నూరేండ్లకు స్విట్జర్లాండుకు చెందిన ఆగస్టిన్ ద కాండోల్ మరొక ముఖ్యమైన విషయం కనిపెట్టాడు. బయటి వెలుగు మార్పులు తెలియకుండా ఉంచిన మొక్క లయ సరిగా 24 గంటలకు నడవలేదు. గంటో రెండో ముందుగానే ఒక చుట్టు పూర్తి చేసుకున్నది. బయటి నుంచి ఏదో రహస్య సంకేతం అందుకొని నడిచే మొక్క అయితే 24 గంటల లెక్క తప్పరాదు. లెక్క తప్పినది కనుకనే అది తన సొంత గడియారం మీద నడుస్తున్నదని తేలింది.

1959లో ఫ్రాంజ్ హాల్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఇటువంటి లయలకు 'సర్కేడియన్' అని పేరు పెట్టాడు. సుమారు ఒక దినం అని ఆ లాటిన్ మాటకు అర్థం. ఆ 'సుమారు' అనే మాటలోనే మర్మమంతా ఉన్నది. లోపలి గడియారం సుమారుగా నడుస్తుంది. ఉదయపు వెలుగు ప్రతి దినమూ దానిని సరిచేస్తుంది. మన పంచాంగం కూడా దినాన్ని సూర్యోదయం నుంచి మొదలుపెట్టి 60 ఘడియలుగా విభజిస్తుంది. ఘడియకు 24 నిమిషాలు. మూడు గంటలు ఒక జాము. అహోరాత్రానికి ఎనిమిది జాములు. దినానికి ఆరంభం అర్ధరాత్రి నుంచి కాక సూర్యోదయం నుంచి లెక్కించే ఆచారానికి, వెలుగుతో సర్దుకొనే శరీరపు గడియారానికి ఉన్న పోలిక ఆలోచింపదగినది. అయితే పంచాంగకర్తలకు జీవగడియారం తెలుసునని దీనినుంచి ఊహించరాదు. వారు ఆకాశాన్ని కొలిచారు. శరీరాన్ని కొలవడం తరువాతి తరాల పని.

తిరుపతిలో మండ్రగబ్బలు

ఆ పనిలో తెలుగునేల పాలుపంచుకున్న కథ తిరుపతిలో కనిపిస్తుంది. 1954 సెప్టెంబరు 2న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం స్థాపించబడింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది కూడా నిండలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన భూమి మీద, కొండ పాదాన ఆ విద్యాసంస్థ వెలసింది. ఎస్. గోవిందరాజులు నాయుడుగారు మొదటి ఉపకులపతి. భక్తులు సమర్పించిన సంపద విద్యకు ఆధారమైన ఆ చరిత్రను మన వంటి ఆలయ సమాజాలు గుర్తుంచుకోవాలి.

సరిగ్గా ఆ 1954లోనే, అమెరికాలోని ఒక ప్రముఖ జీవశాస్త్ర పత్రికలో కె. పంపాపతిరావుగారి పరిశోధన పత్రం వెలువడింది. ఆయన లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో థియోడర్ బుల్లక్ అనే సుప్రసిద్ధ నాడీశాస్త్రజ్ఞునితో కలిసి పనిచేసినవారు. సముద్రపు ఒడ్డున రాళ్ళకు అంటుకొని బ్రతికే ఒక రకం ఆలిచిప్పలను ఆయన పరిశీలించారు. ఆ జీవి నీటిని లోపలికి లాగి, ఆహారాన్ని వడగట్టుకొని, నీటిని బయటికి పంపుతుంది. ఆ వేగం ఆటుపోట్లతో పాటు హెచ్చుతగ్గులవుతుంది. ఆటుపోట్లు లేని ప్రయోగశాల తొట్టిలోకి తెచ్చినా ఆ చిప్ప తన తీరపు పోటును జ్ఞాపకం పెట్టుకొన్నట్లు అదే లయలో నీటిని తోడుతూ ఉన్నది. దానిని వేరొక తీరానికి మార్చి ఉంచితే ఆ లయ మారగలదని కూడా పంపాపతిరావుగారు చూపారు. పుట్టిన చోటి పోటును వెంట తెచ్చుకొని, చేరిన చోటి పోటుకు మెల్లగా అలవాటుపడే ఆ ప్రాణిని గురించి చదివినప్పుడు ప్రవాసులమైన మనకు ఎక్కడో తాకక మానదు.

తరువాత ఆయన తిరుపతి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగంలో ఆచార్యులయ్యారు. 1960ల దశకంలో ఆ విభాగం తేళ్ళ శరీరధర్మాలపై చేసిన పరిశోధనలకు పేరు తెచ్చుకున్నది. వారు ఎక్కువగా ఎంచుకొన్నది హెటెరోమెట్రస్ ఫుల్విపెస్ అనే పెద్ద నల్లతేలు. మన పల్లెలలో మండ్రగబ్బ అని పిలిచే తేళ్ళ వంటిది అది. పరిశోధకునికి అందులో అనేక సౌకర్యాలున్నాయి. దక్షిణ భారతంలో సులువుగా దొరుకుతుంది. ఎన్నో దినాలు ఆహారం లేకుండా బ్రతుకుతుంది. పగలు రాళ్ళ కింద, బొరియలలో దాగి, రాత్రి బయటికి వస్తుంది గనుక దాని దినచర్యలో లయ స్పష్టంగా కనబడుతుంది. దాని పొట్ట భాగాన పొడవునా సాగే నాడీదండం మీద విద్యుత్ సంకేతాలను నమోదు చేయడం వీలవుతుంది.

1964లో పంపాపతిరావుగారు ఈ తేలు నాడీవ్యవస్థ మీద తమ పరిశోధనను ప్రకటించారు. 1967లో ఆయన, గోవిందప్పగారు కలిసి తేలు కండరాలలోని ఒక రకం ఎంజైముల పని పగటికి, రాత్రికి మారుతున్నదని చూపారు. 1968లో వెంకటాచారి, మురళీకృష్ణదాసుగార్లు నాడీదండంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైముకు కూడా దినలయ ఉన్నదని వెల్లడించారు. ఒక నాడీకణం మరొక కణానికి కబురు పంపడానికి వాడే రసాయనాన్ని, పని ముగియగానే తుడిచివేసే ఎంజైము అది. 1973లో ఇదే తేలు రక్తంలోని గ్లూకోజుకు ఉన్న దినలయను వివరించిన పత్రం ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చింది.

ఈ చిన్న చిన్న ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే వాటి విలువ తెలుస్తుంది. తేలు రాత్రి తిరుగుతుందని ప్రపంచానికంతా తెలుసు. అయితే ఆ తిరుగుడు వెనుక కండరం, నాడి, రక్తం అన్నీ తమ తమ పనులను గంటల లెక్కన మార్చుకుంటున్నాయని చూపడం వేరు. లయ అనేది జంతువు అలవాటులోనే కాక, దాని శరీరంలోని ప్రతి పొరలోను ఉన్నదన్నమాట. అప్పుడు సహజంగానే తరువాతి ప్రశ్న పుడుతుంది. ఇన్ని అవయవాలను ఒకే తాళానికి నడిపించేది ఏది?

గుహలో గబ్బిలం

ఆ ప్రశ్నకు సమాధానం వైపు వెళ్ళేముందు పొరుగున ఉన్న మదురైలో ఒక్కసారి ఆగాలి. అక్కడి కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం. కె. చంద్రశేఖరన్‌గారు జీవగడియార శాస్త్రానికి భారతదేశంలో గట్టి పునాది వేశారు. ఆయన, ఆయన సహచరులు 1981లో ప్రకటించిన ఒక ప్రయోగం సుప్రసిద్ధం. పగలు, రాత్రి తేడా తెలియని గుహ లోతుల్లో ఒక గబ్బిలాన్ని పంజరంలో ఉంచారు. చుట్టూ స్వేచ్ఛగా ఉన్న గబ్బిలాలు సాయంకాలం బయటికి ఎగిరిపోయి, తెల్లవారుజామున తిరిగి వచ్చేవి. వెలుగు చూడకపోయినా, పంజరంలోని గబ్బిలం ఆ గుంపు రాకపోకలను బట్టి తన గడియారాన్ని దిద్దుకొన్నది. వెలుగు తరువాత సాటి జీవుల సందడి కూడా కాలాన్ని చెప్పగలదని ఆ గుహ నేర్పింది.

బియ్యపు గింజ కంటె చిన్న గడియారం

1972లో అమెరికాలో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా ఒకే ఫలితానికి వచ్చాయి. రెండు కంటి నాడులు ఒకదానినొకటి దాటే చోటికి సరిగ్గా పైన, మెదడు అడుగుభాగాన ఒక చిన్న కణసమూహం ఉన్నది. దాని పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. సౌకర్యం కోసం దీనిని మెదడు గడియారం అందాము. ఎలుకలలో ఈ చోటును దెబ్బతీస్తే వాటి దినలయ చెదిరిపోయింది. మనిషిలో ఇది సుమారు 20,000 కణాల సమూహం; ఒక బియ్యపు గింజ కంటె చిన్నది.

అది నిజంగా గడియారమేనని 1990లో మరింత స్పష్టంగా తేలింది. హామ్‌స్టర్ అనే చిన్న ఎలుక వంటి జంతువులలో, జన్యుమార్పు వలన సుమారు 20 గంటలకే దినం ముగించుకొనే ఒక వంశం దొరికింది. మెదడు గడియారం పోగొట్టుకొన్న మామూలు హామ్‌స్టర్‌కు ఆ వంశపు పిండం నుంచి తీసిన గడియార కణజాలాన్ని నాటితే, పోయిన లయ తిరిగి వచ్చింది. అంతేకాక, వచ్చిన లయ దాత జంతువుదే. 20 గంటల లయ. మార్టిన్ రాల్ఫ్, మైఖేల్ మెనాకర్ బృందం చేసిన ఈ పని రెండు విషయాలను ఒకేసారి చెప్పింది. కాలాన్ని లెక్కించేది ఆ కణాలే. చెడిపోయిన మెదడు గడియారాన్ని, కనీసం జంతువులలో, మరమ్మతు చేయడం సాధ్యమే.

హైదరాబాదులో అనితా జగోటా

2000వ సంవత్సరంలో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో అనితా జగోటా, హొరాసియో ద లా ఇగ్లెసియా, విలియం ష్వార్ట్జ్ కలిసి వ్రాసిన పత్రం ఒకటి వెలువడింది. హామ్‌స్టర్ మెదడు నుంచి గడియారం ఉన్న పలుచని ముక్కను కోసి, దానిని సజీవంగా ఉంచి, కణాల విద్యుత్ సందడిని గంటగంటకు కొలిచే పద్ధతి అప్పటికే ఉన్నది. అందరూ ఆ ముక్కను నిలువుగా కోసేవారు. పగటివేళ ఒకే శిఖరం కనిపించేది. ఈ బృందం అదే చోటును అడ్డంగా కోసి చూసింది. అప్పుడు ఒకదానికి బదులు రెండు శిఖరాలు కనబడ్డాయి. ఒకటి ఉదయానికి, ఒకటి సాయంకాలానికి చెందినవి. జంతువుల నడవడిని చూసి, ఉదయాన్ని పట్టుకొనేది ఒకటి, సాయంకాలాన్ని పట్టుకొనేది మరొకటి, ఇలా రెండు గడియారాలు జోడుగా ఉండవచ్చునని 1976లో పిట్టెన్‌డ్రిగ్, డాన్ అనే శాస్త్రవేత్తలు ఊహించారు. ఆ ఊహకు మెదడు ముక్కలోనే ఆధారం దొరికింది.

ఉదయ, సాయంకాలాల జోడు ఎందుకు అవసరమో కువైట్‌లో నివసించే మనకు తేలికగా బోధపడుతుంది. తిరుపతిలో వేసవి పగటికి, శీతకాలపు పగటికి తేడా దాదాపు గంటన్నర. భూమధ్యరేఖకు మరింత ఎగువన ఉన్న కువైట్‌లో జూన్ మాసపు పగలు దాదాపు 14 గంటలు, డిసెంబరు పగలు 10 గంటలకు కొంచెం ఎక్కువ. పగలు సాగినప్పుడు తెల్లవారడం ముందుకు, పొద్దుగూకడం వెనుకకు జరుగుతాయి. ఒకే శిఖరం గల గడియారం రెండింటినీ ఒకేసారి వెంబడించలేదు. రెండు శిఖరాలు ఉంటే వాటి మధ్య దూరాన్ని పెంచుకొని, తగ్గించుకొని ఋతువును తెలుసుకోవచ్చును.

జగోటాగారు తరువాతి పరిశోధనను 1974లో స్థాపించబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, జంతుశాస్త్ర విభాగంలో సాగించారు. నాడీజీవశాస్త్రం, అణుస్థాయి జీవగడియార శాస్త్రం కలిసిన ప్రయోగశాలను గచ్చిబౌలి ప్రాంగణంలో నడిపారు. ఆమె పత్రాలపై సహరచయితలుగా తెలుగు పేర్లు అనేకం కనిపిస్తాయి. ఆ ప్రయోగశాల ప్రధానంగా పట్టుకొన్న ప్రశ్న ఇది: వయసు పెరిగే కొద్దీ మెదడు గడియారానికి ఏమవుతుంది? ఏమైనా అయితే దానిని తిరిగి దారికి తేవచ్చునా?

అందుకోసం మూడు వయసుల ఎలుకలను పోల్చారు. 3 నెలల ఎలుక యువ దశలో, 12 నెలలది నడివయసులో, 24 నెలలది ముసలితనంలో ఉన్నట్లు. మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం ఉన్నది. దానినుంచే పీనియల్ గ్రంథి రాత్రివేళ మెలటోనిన్‌ను తయారు చేస్తుంది. చీకటి పడిందని శరీరానికంతా చాటే దండోరా మెలటోనిన్. వయసుతో పాటు ఈ రసాయనాల దినలయ సడలిపోతుందని ఆ పరిశోధనలు చూపాయి. యువ ఎలుకలో హెచ్చుతగ్గులు స్పష్టంగా ఉంటే, ముసలి ఎలుకలో అవి చప్పబడిపోతాయి, వేళలు తారుమారవుతాయి. గడియారాన్ని నడిపే బిమాల్, పీరియడ్, క్రిప్టోక్రోమ్ వంటి జన్యువుల పనితీరులోను అదే చెదరుపాటు కనబడింది. ఇటువంటి జన్యువులు కాలాన్ని ఎలా లెక్కిస్తాయో ఈగలలో ఛేదించినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

ఇక మరమ్మతు సంగతి. 2010 నుంచి వెలువడిన పత్రాలలో, వయసు మళ్ళిన ఎలుకలకు చీకటి పడటానికి కొంచెం ముందు మెలటోనిన్ ఇస్తే ఏమవుతుందో జగోటాగారి బృందం పరిశీలించింది. 2014లో ప్రకటించిన ఫలితం ప్రకారం, కొన్ని గడియార జన్యువుల లయ తిరిగి కుదుటపడింది. అన్నిటిదీ ఒకే విధంగా కుదుటపడలేదు. 2015లో రోటెనోన్ అనే పురుగుమందు రసాయనంతో పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు కలిగించిన ఎలుకలలో మెదడు గడియారం ఎలా చెదురుతుందో, దానిపై మెలటోనిన్ ప్రభావం ఏమిటో వివరించారు. వణుకుడు వ్యాధిగా మనము ఎరిగిన ఆ జబ్బులో నిద్ర చెడిపోవడం సామాన్యం గనుక ఈ దిశలో పని ఎంతో అవసరం.

మన వంటింటి పసుపు కూడా ఈ చరిత్రలో ఉన్నది. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం, మద్యం వలన మెదడు గడియారానికి కలిగే మార్పులపై ఎలా పనిచేస్తుందో 2007లో ఆ ప్రయోగశాల వ్రాసింది. వయసు వలన వచ్చే మార్పులపై దాని ప్రభావాన్ని 2019లో ప్రకటించింది. అశ్వగంధకు, మెదడు వార్ధక్యానికి గల సంబంధాన్ని గురించి 2017లో ఒక గ్రంథంలో అధ్యాయం వెలువడింది. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇవన్నీ ఎలుకలలో, కొలిచిన మోతాదులతో, నిర్ణయించిన వేళలలో జరిగిన ప్రయోగాలు. ఎలుక రాత్రి మేల్కొని పగలు నిద్రించే జంతువు. దానికి పనిచేసినది మన తాతగారికి పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. కూరలో పసుపు వేరు, మందుగా కర్కుమిన్ వేరు. మెలటోనిన్ బిళ్ళలు వైద్యుని అడగకుండా పెద్దలకు ఇవ్వరాదు.

ఐనా ఈ పరిశోధనల సారాంశం ఒకటి స్పష్టంగా నిలుస్తుంది. వార్ధక్యంలో గడియారం ఒక్కసారిగా ఆగిపోదు. దాని భాగాలు ఒకదానితో ఒకటి తాళం తప్పుతాయి. తాళం తప్పినదానిని కొంతవరకు తిరిగి కలపవచ్చును. ఆ కలపడంలో ఏమి ఇచ్చామన్నది ఎంత ముఖ్యమో, ఏ వేళకు ఇచ్చామన్నది అంతే ముఖ్యం.

మన ఇళ్ళకు దీని సంబంధం

ఈ చరిత్ర మన సమాజానికి ఎందుకు ముఖ్యమో చెప్పి ముగిస్తాము. మనలో నర్సులున్నారు. చమురు సంస్థలలో, విమానాశ్రయంలో, హోటళ్ళలో వంతుల వారీగా రాత్రి పనిచేసేవారున్నారు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇతరుల ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళున్నారు. యజమానుల ఇంటి రాత్రి ఆలస్యంగా ముగిసి, పిల్లల బడి ఉదయం తొందరగా మొదలైతే మధ్యన నలిగేది వారి నిద్రే. కువైట్‌లో 2015లో వచ్చిన గృహకార్మికుల చట్టం దినానికి పని 12 గంటలు మించరాదని, వారానికి ఒక విశ్రాంతి దినం ఇవ్వాలని నిర్దేశించింది. శరీర గడియారాన్ని చెదరగొట్టే రాత్రి పని మనుషులలో క్యాన్సరుకు కారణం కావచ్చునని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ వర్గీకరించింది. విశ్రాంతిని దయగా భావించే అలవాటు మనలో ఉంటే అది మారాలి. రాత్రి పనిచేసి వచ్చిన మనిషి పగటి నిద్ర బద్ధకం కాదని పిల్లలకు చెప్పాలి. ఆ గది తలుపు దగ్గర గొంతు తగ్గించడం నేర్పాలి.

ఊరి నుంచి వచ్చి మన దగ్గర కొన్ని నెలలు ఉండే అమ్మానాన్నల సంగతి మరొకటి. వేసవిలో మన ఇళ్ళ కిటికీలకు మందపాటి తెరలు, లోపల ఏసీ, పగలంతా ట్యూబులైటు. ఊళ్ళో అరుగు మీద కూర్చొని ఉదయపు ఎండ తగిలించుకొన్న మనిషికి ఇక్కడ ఉదయమే కనబడదు. పగలు కునుకుతారు, రాత్రి మేల్కొంటారు. దానిని ముసలితనపు చాదస్తమని కొట్టివేయక ముందు, ఆ మెదడు గడియారానికి మనము వెలుగు చూపుతున్నామా అని అడగాలి. ఉదయం తొందరగా, ఎండ ముదరక ముందే సముద్రపు ఒడ్డుకు ఒక నడక తీసుకువెళ్ళవచ్చును. రాత్రి తొందరగా దీపాలు తగ్గించవచ్చును. భోజనం, మాట, పూజ ప్రతి దినమూ ఒకే వేళకు జరిగేలా చూడవచ్చును. మదురై గుహలోని గబ్బిలం తన గుంపు రాకపోకలను బట్టి కాలం తెలుసుకొన్నట్లే, ఇంట్లోవారి సందడి కూడా పెద్దలకు వేళను గుర్తుచేయగలదు.

తిరుమలలో దినం సుప్రభాత సేవతో మొదలై ఏకాంత సేవతో ముగుస్తుంది. స్వామికి కూడా మేలుకొలుపు, పవళింపు ఏర్పరచిన సంప్రదాయం మనది. ఆ స్వామి పేరు మీద నిలిచిన విశ్వవిద్యాలయంలోనే, ఒక నల్లతేలు నాడిలో రాత్రీ పగలూ ఎలా నమోదవుతాయో కొలిచిన పరిశోధకులున్నారు. వారి పేర్లను, హైదరాబాదులో వయసు మళ్ళిన మెదడు తాళాన్ని తిరిగి కలపడానికి ప్రయత్నించిన ప్రయోగశాల పేరును మన పిల్లలకు చెప్పుదాము. సెలవు దినాన బహ్రెయిన్ వెళ్ళినా, ఊరు వెళ్ళినా, సాయంకాలం ఒక చింతచెట్టు కింద వారిని నిలబెట్టి ఆకు ముడుచుకోవడం చూపుదాము. ఎందుకు ముడుచుకుంటున్నదని వారే అడుగుతారు.